ఆ తల్లి మాట కేసు షీటులో రాస్తారు

ఇంగ్లండులో నేను పనిచేసే నవజాత శిశువుల వార్డులో డ్యూటీ ఎక్కగానే ముందు అడిగేది పాల సంగతి. బిడ్డ ఎన్నిసార్లు తాగాడు, ఎంత తాగాడు, చీకడంలో ఊపు తగ్గిందా అని. గుంటూరు జీజీహెచ్‌లో నర్సింగ్ నేర్చుకున్నప్పుడూ మాకు ఇదే చెప్పారు. కొత్తగా అనిపించింది ఇంకొకటి. "వీడు నిన్నటిలా లేడు" అని తల్లి అంటే ఆ మాటను కేసు షీటులో రాస్తారు. జ్వరం, ఆయాసం, గుండె వేగం లాంటి వాటితో పాటు తల్లి అనుమానాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. చెప్పింది 19 ఏళ్ళ పిల్లయినా సరే.

మన వైపు బాలింత మాటకు అంత విలువ లేదు. అమ్మ, అమ్మమ్మ, అత్తగారు, నీళ్ళు పోసే ఆవిడ, ఇంటినిండా చెప్పేవాళ్ళే. తొలికాన్పు పిల్ల "పాలు తాగడం లేదు" అంటే "నీకు పట్టడం చేతకాక" అంటారు. నా బాధంతా అక్కడే. 28 రోజుల్లోపు బిడ్డకు సెప్సిస్, అంటే రక్తానికి పాకిన ఇన్‌ఫెక్షన్ వస్తే, ఒళ్ళు కాలిపోతుందన్న నమ్మకం లేదు. కొందరికి ఒళ్ళు చల్లబడుతుంది. ఏడుపు తగ్గిపోతుంది. చూసేవాళ్ళకు హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఆ తేడా ముందు తెలిసేది రొమ్ము పట్టించే మనిషికే.

పోయిన వేసవిలో విజయవాడ కృష్ణలంక నుంచి మా చెల్లెలి కూతురు వీడియో కాల్ చేసింది. బాబు పుట్టి రెండో వారం. "పెద్దమ్మా, నోట్లో పెడితే నాలుగు గుక్కలు కూడా తాగకుండా వదిలేస్తున్నాడు" అంది. వెనక నుంచి మా చెల్లి, "బుద్ధిగా పడుకుంటున్నాడక్కా, రాత్రంతా ఏడవనే లేదు. ఎండలకి వాడిపోయాడు. దిష్టి కూడా తీశాం" అంది. మొహం చూస్తే బాగానే ఉన్నాడు. చొక్కా విప్పి ఫోను పొట్ట మీదికి పట్టమన్నాను. నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టాను. పసివాళ్ళ ఊపిరి ఒక్క తీరున ఉండదు, కాసేపు గబగబా, కాసేపు ఆగి ఆగి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. 60 దాటింది. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. "పాదాలు పట్టుకుని చూడవే" అంటే "చల్లగా ఉన్నాయి పెద్దమ్మా" అంది. మే నెల బెజవాడలో!

"సాయంత్రం చూపిద్దాంలే" అన్న చెల్లిని కసిరి, అప్పటికప్పుడు బయల్దేరదీశాను.

ఆసుపత్రిలో రక్తం కల్చర్‌కి, అంటే అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షకి పంపి, రిపోర్టు కోసం ఆగకుండా యాంపిసిలిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టారు. అదే పద్ధతి. కల్చర్ తేలడానికి రోజు పైనే పడుతుంది, అంతసేపు ఆగితే బిడ్డ చేజారవచ్చు. ఇంగ్లండులో పుట్టిన మూడు రోజుల్లోపే ఇన్‌ఫెక్షన్ అనుమానం వస్తే ముందుగా వాడేది బెంజైల్ పెనిసిలిన్, జెంటామైసిన్. ఇవ్వాలనుకున్న గంటలోపు మొదటి డోసు పడాలి. కల్చర్‌లో ఏమీ రాక, బిడ్డ కులాసాగా ఉంటే 36 గంటలకు ఆపేయవచ్చేమో చూస్తారు. మా బాబు కోలుకున్నాడు. బోర్లా పడుతున్నాడని ఈమధ్యే వీడియో పంపారు.

మన దగ్గర ఏర్పాటు లేక కాదు. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. 2011 నుంచీ ఉన్నదే. ఊళ్ళో ఆడవాళ్ళకు శిక్షణ ఇస్తే ఇంటి దగ్గరే పసిప్రాణాలు నిలబెట్టవచ్చని మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1999లోనే చూపించారు. "మేం ప్రైవేటులో చూపిస్తున్నాంలే" అని ఆశాను వాకిట్లోంచే పంపేసే ఇళ్ళు నాకు తెలుసు. దయచేసి పంపకండి. లోపలికి పిలిచి బిడ్డను చూపించండి.

దుబాయ్‌లో, కువైట్‌లో ఉండి బిడ్డను మొదట ఫోన్‌లోనే చూసే తండ్రులున్నారు. ఎవరి పోలికో అడిగాక, ఫోను భార్యకే ఇమ్మని ఇవీ అడగండి. పాలు నిన్నటిలాగే తాగుతున్నాడా? కదిపితే తప్ప కదలడం లేదా? ఊపిరి నిమిషానికి 60కి చేరిందా, డొక్కలు ఎగరేస్తున్నాడా? చంకలో థర్మామీటరు 37.5 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా, 35.5 కంటే తగ్గినా ప్రమాదమే. ఫిట్స్ వచ్చినా, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా అంతే. ఒక్కటి కనిపించినా బారసాల అయ్యాక చూద్దామనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు బిడ్డను తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు ఆనేలా పెట్టి పైన దుప్పటి కప్పండి. తాగగలిగితే తల్లిపాలే పట్టండి. తేనె, పంచదార నీళ్ళు, పసర్లు వద్దు. ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడని డాక్టరు అడిగితే ఆ తల్లినే చెప్పనివ్వండి.