కంట్లో పాత మచ్చ

సంక్రాంతి వెళ్ళిన వారం. మాఘమాసం పెళ్ళిళ్ళ జాకెట్లు మిషను పక్కన గుట్టగా పడున్నాయి. పొద్దున్నే కూర్చుని సూదిలో దారం ఎక్కించబోతే బెజ్జానికి అడ్డంగా నల్లటి నూలుపోగు ఒకటి తేలుతూ కనిపించింది. చేత్తో తుడిచాను, పోలేదు. చూపు ఎటు తిప్పితే అటే జరుగుతోంది. కుడి కన్ను మూసుకుంటే మాయమైంది.

మూడో రోజుకి ఆ ఒక్క పోగు కాస్తా మిరియాల పొడి చల్లినట్టు అయింది. నొప్పి లేదు, ఎరుపు లేదు. మొదట చూపించుకున్న చోట చుక్కల మందు రాసి, వయసు నలభై ఏడు కదా, అద్దాలు మార్చుకోమని పంపేశారు. అక్కడే పది రోజులు పోయాయి. ఈలోగా తెల్ల జాకెట్టు గంజినీళ్ళలోంచి చూస్తున్నట్టు మసకబారింది. హుక్కులు వంకరగా కుట్టాను. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ అలా కుట్టలేదు. ఆ జాకెట్టు విప్పి మళ్ళీ కుట్టే ఓపిక కూడా లేక ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. మా ఇంట్లో సగం తిండి ఈ కళ్ళ మీదే ఆధారపడి ఉంది.

మేముండేది కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేరుకి దగ్గర్లో. చేపల బుట్టలు తిరిగే వీధి కాబట్టి పిల్లులకి లోటు లేదు. మా అపార్ట్‌మెంట్ మేడ మీద నీళ్ళ ట్యాంకు కింద ఒక మూడు రంగుల పిల్లి కార్తీకంలో మూడు పిల్లల్ని పెట్టింది. చేప తలకాయలు, పెరుగన్నం నేనే పెట్టేదాన్ని. ఆ పక్కనే చేపలొచ్చే థర్మాకోల్ పెట్టెల్లో మట్టి పోసి గోంగూర, పుదీనా వేశాను. మెత్తటి మట్టి కదా, పిల్లులు అందులో గోకి పోయేవి. నేను చేత్తో తీసి పారేసి, కుళాయి కింద చేతులు కడుక్కుని కిందికి దిగేదాన్ని.

పెద్ద కంటాసుపత్రికి వెళ్ళిన రోజు చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యాక దీపం పెట్టి చూశారు. రక్తం తీసుకున్నారు. ఇది టాక్సోప్లాస్మోసిస్‌లా ఉందని, పిల్లుల నుంచి వచ్చే పరాన్నజీవి అని అక్కడి చిన్న డాక్టరు చెప్పారు. రాసిచ్చిన మాత్రలు కొనుక్కుని ఇంటికొచ్చాం. మా ఆయన ఆ ముక్క మెట్ల దగ్గర కింది వాటా వాళ్ళతో అన్నారు. అంతే.

"పిల్లులకి అన్నం పెట్టొద్దండీ అంటే విన్నారా పిన్నిగారూ" అంటూ కింది వాటా అమ్మాయి పైకొచ్చింది. ఆమెకి చంటిపిల్ల ఉంది, ఆమె భయం ఆమెది. ఆ రాత్రి వాచ్‌మెన్ గోనెసంచి పట్టుకుని మేడెక్కాడు. నాకు ఇంకా చుక్కల మందు మత్తు దిగలేదు, లైటు చూస్తే కళ్ళు చెదురుతున్నాయి. మెట్ల మీంచి పిల్లి అరుపు కిందికి దిగడం విన్నాను. తలుపు తీయలేదు. వంతెన అవతల చేపల రేవు దగ్గర వదిలేశానని పొద్దున్న చెప్పాడు. పిల్లలు మూడూ ట్యాంకు వెనక దూరడంతో దొరకలేదు.

నా కన్నుకంటే పెద్ద దిగులు ఇంకొకటుంది. మా అమ్మాయి నాలుగో నెల కడుపుతో పండక్కి వచ్చి మా దగ్గరే ఉంది. గర్భిణికి ఆ సమయంలో కొత్తగా ఈ జబ్బు సోకితే బిడ్డ మెదడుకి, కళ్ళకి ముప్పని ఎవరో చెప్పారు. దానికీ పరీక్ష చేయించాం. రిపోర్టు వచ్చే దాకా రెండు రోజులు తిండి సయించలేదు.

నాలుగో రోజు పెద్ద డాక్టరమ్మ నా కంటి ఫొటో తెర మీద పెట్టారు. నారింజ రంగు నేల మీద పత్తి ఉండ అతికించినట్టు ఒక తెల్లటి మచ్చ. దాన్ని ఆనుకుని నల్లటి అంచున్న ఇంకో మచ్చ, కాలి ఆరిపోయిన చోటులా ఉంది.

"తెల్లది ఇప్పటి పుండమ్మా. ఈ నల్లది చాలా ఏళ్ళ కిందటిది. పాత మచ్చ అంచున కొత్తది లేచిందంటే, మీ ఒంట్లో ఎప్పట్నుంచో నిద్రపోతున్నదే మళ్ళీ లేచిందని అర్థం. రక్తపరీక్ష కూడా అదే చెబుతోంది. మీ చిన్నతనం ఎక్కడ?"

ముమ్మిడివరం దగ్గర పల్లె అన్నాను. ఏ నీళ్ళు తాగేవారని అడిగారు. కాలువ నీళ్ళు. ఎండాకాలం కాలువలు కట్టేస్తే, అంతకుముందే నింపుకున్న ఊరి చెరువు నీళ్ళు. పటిక తిప్పి, అడుగున మట్టి దిగాక, గుడ్డతో వడకట్టి తాగేవాళ్ళం. కాచింది లేదు. పెరట్లో గడ్డిమేటు, పురి కింద ఎలుకలు, వాటి కోసం పిల్లులు. పటికతో నీళ్ళు తేటపడతాయి గానీ ఈ పురుగు చావదట, క్లోరిన్‌కి కూడా లొంగదట. కాగితే చస్తుంది. కోయంబత్తూరులో 2004లో మొదలై ఇదే కంటిజబ్బు గుంపుగా వచ్చిందని, 248 మందిని లెక్కగట్టారని, అక్కడా అనుమానం కుళాయి నీళ్ళ మీదకే పోయిందని ఆవిడే చెప్పారు. నాకు ఇది నీళ్ళ వల్లే వచ్చిందని ఆవిడ అనలేదు. మట్టి చేతులైనా కావచ్చు, సరిగ్గా ఉడకని మాంసమైనా కావచ్చు, నేను మా అమ్మ కడుపులో ఉన్నప్పుడే వచ్చుండొచ్చు. మా మేడ మీది పిల్లి వయసు మహా అయితే రెండేళ్ళు.

ఆ మాటకి కుర్చీలో అలా ఉండిపోయాను. మా ఆయన నా వైపు చూడలేదు.

తర్వాత ఆవిడ ఓపిగ్గా చెప్పినది మీకూ చెప్పాలి, ఎందుకంటే మా మెట్ల మీద ఆ రాత్రి ఒక్కరికీ ఇది తెలియదు. పిల్లి ఎలకనో పిట్టనో పచ్చి మాంసమో తిన్నప్పుడు దానికి ఈ జీవి పడుతుంది. మొదటిసారి పట్టాక ఒకటి నుంచి మూడు వారాల పాటు పెంటలో గుడ్లలాంటివి వదులుతుంది. మామూలుగా ఆ తర్వాత వదలదు. వదిలిన వెంటనే అవి అంటవు, అంటేలా తయారవడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అంటే పెంట ఏ రోజుదారోజు తీసేస్తే భయం చాలా తగ్గుతుంది. తీయకపోతే తడి మట్టిలో ఏడాదికి పైగా బతుకుతాయి. కాబట్టి పిల్లిని నిమిరినందుకు కాదు, పిల్లి గోకిన మట్టిని ఒట్టి చేత్తో కెలికినందుకు భయపడాలి. మా అమ్మాయి ఫోన్లో చదివి చెప్పింది: ఈ జీవిని 1908లోనే ట్యునీసియాలో గుండి అనే ఎలుకలాంటి జంతువులో కనిపెట్టారట, పిల్లి సంగతి 1970 ప్రాంతానికి గానీ తేలలేదట. అరవై ఏళ్ళు డాక్టర్లకే తెలియని సంగతి మరి.

అమ్మాయి రిపోర్టులో పాతగా సోకిందా, కొత్తగా సోకిందా అని చూసే రెండు పరీక్షలూ నెగెటివ్. అంటే దానికి ఇంతవరకూ ఇది సోకలేదు. రక్షణా లేదు, కాబట్టి కాన్పయ్యే దాకా మట్టి ముట్టకూడదు, మాంసం బాగా ఉడకాలి, ఆకుకూర నాలుగు నీళ్ళు పోసి కడగాలి. నా నుంచి దానికి అంటదు. నేను గుండెల్లో దాచుకున్న ప్రశ్న అప్పుడు అడిగాను: అమ్మాయి నా కడుపులో ఉన్నప్పుడు ఈ జబ్బు నేనే దానికిచ్చానా? "ఇచ్చుంటే ఈ పరీక్షలో కనబడేదమ్మా, ఇవ్వలేదు" అన్నారు డాక్టరమ్మ. ఆ ఒక్క మాటకి నా సగం జబ్బు దిగింది.

మందులు ఆరు వారాలు. కోట్రైమోక్సజోల్ అనే సల్ఫా మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. సల్ఫా మందు పడుతుందా అని ముందే అడిగి ఇచ్చారు, నీళ్ళు బాగా తాగమన్నారు. పెద్ద డాక్టరమ్మని చూసిన రోజు నుంచి దానికి తోడు స్టెరాయిడ్ మాత్రలు కలిపి, వారం వారం తగ్గించుకుంటూ వచ్చారు. స్టెరాయిడ్ మాత్రం నరకం చూపించింది. మొహం ఉబ్బింది, షుగరు పెరిగింది, రాత్రి రెండింటికి కళ్ళు తెరుచుకుని ఫ్యాను చూస్తూ పడుకునేదాన్ని. నోరంతా చేదు. మజ్జిగన్నం, బీరకాయ కూర తప్ప ఏదీ దిగలేదు. మాఘమాసం జాకెట్లన్నీ వెనక్కిచ్చేశాను.

కన్ను ఎంత తిరిగిందో నాకు చెప్పింది గోడ మీది తెలుగు క్యాలెండరు. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని మంచం మీంచి చూసేదాన్ని. మొదటి వారం తేదీ అంకె కూడా మంచులో లారీ లైటులా చెదిరిపోయింది. యానాం దాటి ఎదుర్లంక వంతెన మీద పుష్యమాసపు తెల్లవారుజామున ఎదురుగా ఏదొస్తోందో తెలియనట్టే. మూడో వారానికి అంకె నిలబడింది. నాలుగో వారం తిథి. మహాశివరాత్రి దాటాక ఒక పొద్దున, అంకె కింద చీమల్లా ఉండే అక్షరాల్లో "వర్జ్యం" అన్న మాట చదివాను. పైకే చదివాను. వంటింట్లోంచి అమ్మాయి "ఏంటమ్మా, దేనికి వర్జ్యం?" అంటూ వచ్చి, విషయం తెలిసి నా చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది.

పుండు మానింది, మచ్చ ఉండిపోయింది. చూపు నడిమధ్యకి కొంచెం పక్కగా పడింది కాబట్టి బతికిపోయాను. కుడి కంటితో సూదిమొన వైపు చూస్తే పైమూల చిన్న ముక్క కనబడదు. తల కొంచెం వంచి కుట్టడం అలవాటైంది. మళ్ళీ ఎప్పుడైనా లేవొచ్చన్నారు, కొత్తగా చుక్కలు కనబడితే ఆ రోజే రమ్మన్నారు. అందుకే రోజూ లేవగానే ఒక్కో కన్నూ మూసి క్యాలెండరు చూస్తాను.

అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఆ ఫొటో నేనే చూపించాను. కింది వాటా అమ్మాయి చాలాసేపు చూసి, "పోనీ పిల్లల్ని ఉంచుదాం పిన్నిగారూ" అంది. రేవులో పాత వల ముక్క తెచ్చి పెట్టెల మీద బిగించాను. పిల్లుల కోసం ఒక మూల ఇసుక తొట్టి పెట్టాం. మా ఆయన రోజూ పొద్దున గ్లౌజు వేసుకుని దాన్ని శుభ్రం చేస్తారు, ఆయనంతట ఆయనే ఆ పని తీసుకున్నారు. అన్నం ఉడికించిందే పెడతాను, పచ్చి చేప తలకాయలు మానేశాను.

ఆదివారం చేపలకి వంతెన అవతలికి నేనే వెళ్తున్నాను. ఐసు పెట్టెల మధ్య పిల్లులు చాలానే ఉంటాయి. కిందటి వారం ఒకటి మూడు రంగులది కనబడింది, తోక మాత్రమే. తల వంచి చూసేలోపు పడవ కిందికి వెళ్ళిపోయింది.