జైల్లో దగ్గుకు అజిత్రోమైసిన్ ఎందుకు పడుతుందంటే

కడపలో క్లినిక్ నడుపుకుంటూనే కొన్నాళ్లు మా సీమలోని ఒక జైలుకు ఓపీ చూడ్డానికి వెళ్లేవాణ్ణి. జైళ్లలో యాంటీబయాటిక్స్ ఎడాపెడా రాస్తారని అంటుంటారు, నిజమే, కానీ డాక్టర్లకు తెలియక కాదు. అక్కడ చీటీ మీద మందు పడేది జబ్బును చూసి కాదు, లాకప్ టైము చూసి.

సాయంత్రం బ్యారక్‌కు తాళం పడ్డాక మళ్లీ తీయించాలంటే పెద్ద తతంగం. రాత్రి జ్వరం ముదిరితే పెద్దాసుపత్రికి పంపాలి, దానికి ఎస్కార్ట్ కావాలి, ఎస్కార్ట్ పోలీసులేమో కోర్టు వాయిదాల్లో తిరుగుతుంటారు. కస్టడీలో ఎవరైనా చనిపోతే 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు చెప్పాలని 1993 నుంచీ ఉంది, ఆపైన విచారణ. ఇంత టెన్షన్‌లో ఎవరైనా 'ఎందుకైనా మంచిది' అని రాసేస్తారు. ఖైదీ కూడా ఊరుకోడు, "ఉత్త పారాసిటమాల్ ఏం చేస్తాది సార్, పవరుండేది ఏదన్నా రాయి" అంటాడు.

జలుబు, గొంతునొప్పి చాలావరకు వైరస్ వల్లే, వాటికి యాంటీబయాటిక్స్ పనిచేయవు, దగ్గయితే మూడు వారాలు కూడా లాగుతుంది. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆచితూచి వాడమన్న 'వాచ్' జాబితాలోవే. నాకు అన్నిటికంటే భయం లివోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్. అది టీబీ క్రిమి మీదా పనిచేస్తుంది కాబట్టి కొన్నాళ్లు దగ్గు తగ్గినట్టే ఉంటుంది, కళ్లె పరీక్ష వెనక్కి పోతుంది, ఈలోపు ఆ మనిషి కిక్కిరిసిన బ్యారక్‌లో అందరి పక్కనా పడుకుంటూనే ఉంటాడు.

విచిత్రమేమంటే, మందు రాయకుండా ఆగి చూడ్డం జైల్లోనే సులువు. బయట "మూడ్రోజులు చూద్దాం" అంటే రోగి సందు తిరగ్గానే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు, లోపలివాడు ఎక్కడికి పోతాడు! అక్కడి ఫార్మసిస్ట్ ఒక నోటుబుక్కు పెట్టాడు: పేరు, బ్యారక్, జ్వరం ఎంత, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు. మాత్రలు పంచేటప్పుడు పొద్దున, సాయంత్రం చూసి రాసుకునేవాడు, ఆయాసం వచ్చినా గుటక పడకపోయినా నాకు ఫోన్. చాలామంది మూడో నాటికి ఓపీకి రావడమే మానేశారు.

తర్వాత ఆయన్ను డెప్యుటేషన్ మీద వేరేచోటికి వేశారు, పుస్తకం అటకెక్కింది, అజిత్రోమైసిన్ ఇండెంట్ (మందులు కావాలని పెట్టే కోరిక) మళ్లీ పెరిగింది. ఇప్పుడు దీనిమీద డాక్టర్లకు ట్రైనింగులు పెడదామంటున్నారు. పెట్టండి, కానీ ఎస్కార్ట్ డ్యూటీలు వేసే అధికారిని కూడా ఆ హాల్లో కూచోబెట్టండి, రాత్రి పదికి ఫోన్ చేస్తే వ్యాన్ వస్తుందో రాదో ముందు ఆయన చెప్పాలి.