పెంకి గుర్రం మీద పిల్లని ఎక్కించొచ్చా?

పిల్లలకి స్వారీ నేర్పేటప్పుడు బుద్ధిగా ఉండే గుర్రం ఇవ్వాలా, పెంకిదాన్ని ఇవ్వాలా అన్నది కోనసీమలో ఎవరికీ పట్టని ప్రశ్న. ఇక్కడ గుర్రమంటే పెళ్లి ఊరేగింపులో దండలేసుకుని బ్యాండు చప్పుడుకి బెదురుతూ నిలబడేది. లేకపోతే వైజాగ్ బీచ్‌లో డబ్బులిచ్చి ఎక్కి ఫొటో దిగేది. అయినా ఈ ఆగస్టంతా అంబాజీపేట దగ్గర మా పుట్టింటి అరుగు మీద నడిచిన వాదన దాని గురించే.

ఇంగ్లండులో బడులకి వేసవి సెలవులు జూలై ఆఖర్లో మొదలవుతాయి. మేం వచ్చేసరికి ఇక్కడ శ్రావణమాసం, గోదారికి ఎర్రనీరు, కాలవలు నిండుగా. మామిడిపళ్ల రోజులు ఎప్పుడో అయిపోయుంటాయి. మా పిల్లల లెక్కలో అమ్మమ్మగారి ఊరంటే వరద, బురద, తాతయ్య గేదెలు.

వాదనకి కారణం టాఫీ. యార్క్‌షైర్‌లో మేం ఉండే ఊరి బయట రైడింగ్ స్కూల్లో మా పెద్దదానికి ఇచ్చిన షెట్లాండ్ పోనీ. పిల్లకి తొమ్మిదేళ్లు, టాఫీ వయసు దానికి రెట్టింపు పైమాటే. ఈ జాతి గుర్రం ఎంత పెరిగినా భుజం దగ్గర 42 అంగుళాలు దాటకూడదు, అంటే మా నాన్న నడుం ఎత్తు. గుండ్రటి పొట్ట, కళ్ల మీద పడే జూలు, చూడ్డానికి అచ్చం బొమ్మలా ఉంటుంది. బుర్ర మాత్రం ఉద్దండపిండం. పొట్ట పట్టీ బిగిస్తుంటే ఊపిరి బిగబట్టి, నాలుగడుగులు వేశాక వదిలేస్తుంది. పట్టీ వదులై జీను పక్కకి జారుతుంది. కంచె వారగా నడిచి పిల్ల మోకాలు కర్రకి రాయిస్తుంది. గేటు దాటి అవతలికి పోవడమంటే దానికి ప్రాణసంకటం. ఇక గడ్డి కనిపించిందా, తల ఠపీమని దించేస్తుంది. పగ్గాలు పట్టుకున్న పిల్ల మెడ మీదుగా జారి నేల మీద ఉంటుంది.

మొదటిసారి అలా పడ్డప్పుడు వీడియో కాల్‌లో చెబితే అమ్మ ఏడ్చినంత పనిచేసి, ఫోను చుట్టూ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసింది. "ఆడపిల్ల, మొహమ్మీద దెబ్బ తగిలితే ఏం చేస్తావే?" అని నాకు అక్షింతలు. హైదరాబాదు నుంచి అక్క ఇంకో అడుగు ముందుకేసింది: డబ్బు పోసి పిల్లకి పడిపోవడం నేర్పించడమేంటని. అక్కడ కంచె పక్కన ఫ్లాస్కుల్లో టీ పట్టుకుని నిలబడే తల్లులు పూర్తిగా వేరు దారి. వాళ్లు నవ్వేసి, ఇలాంటిదాని మీద నేర్చుకున్న పిల్ల రేపు ఏ గుర్రాన్నైనా ఎక్కేస్తుంది అంటారు. వాళ్లూ చిన్నప్పుడు అలాగే పడి లేచినవాళ్లే.

రెండు పక్షాల్లోనూ నాకు సగం సగమే నచ్చింది. అందుకే ముందు అసలీ పొట్టి గుర్రాలకి ఇంత పెంకితనం ఎందుకొస్తుందో తెలుసుకోవాలనిపించింది.

షెట్లాండ్ దీవులు స్కాట్లాండుకి ఉత్తరాన ఉంటాయి. సముద్రపు గాలికి చెట్టు కూడా ఎదగడం కష్టమైన చోటు. దొరికిన కాస్త మేతతోనే బతకడం అలవాటైన జాతి అది. దాన్ని తెచ్చి ఇంగ్లండు పచ్చికలో వదిలితే ఇట్టే ఒళ్లు చేస్తుంది, గిట్టల లోపల వాపు జబ్బు తెచ్చుకుంటుంది. అందుకని మేత లెక్కగట్టి పెడతారు. లెక్కగట్టేకొద్దీ దాని ధ్యాసంతా గడ్డి మీదే. ఇక బలం అంటారా, 1842లో ఆడవాళ్లనీ పదేళ్లలోపు మగపిల్లల్నీ బ్రిటన్ గనుల్లోకి దింపకూడదని చట్టం వచ్చాక, ఇరుకు సొరంగాల్లో బొగ్గు తొట్లు లాగడానికి దింపినవాటిలో ఈ జాతి గుర్రాలు బోలెడు. పిల్లల చాకిరీ నెత్తినేసుకున్న జాతి ఇప్పుడు పిల్లల్నే వీపున మోస్తోంది. మధ్యలో ఒకళ్లనో ఇద్దర్నో కింద పడేస్తే పాత బాకీ కింద రాసుకోవాలేమో.

అసలు చిక్కు వేరే ఉంది. పెద్ద గుర్రం మొండికేస్తే అనుభవం ఉన్న మనిషి ఎక్కి నాలుగు రోజుల్లో దారికి తెస్తాడు. ఇంత పొట్టి గుర్రం మీద పెద్దవాళ్లు ఎక్కడానికి లేదు, బరువు మోయలేదు. ఎక్కేది పిల్లలే కాబట్టి దానికి పాఠం చెప్పేదీ పిల్లలే, అదీ తాము ఓనమాలు దిద్దుకుంటూ. గుర్రం మాటలకంటే ఒత్తిడిని గుర్తుపెట్టుకుంటుంది. డొక్కల మీద మడమ ఒత్తిడి, నోట్లో కళ్లెం ఒత్తిడి ఏ క్షణంలో తగ్గితే, ఆ క్షణంలో తను చేస్తున్నదే సరైన పని అని లెక్కేసుకుంటుంది. పిల్ల మడమ తాకించింది, టాఫీ కదల్లేదు, పిల్ల అలిసిపోయి మానేసింది. టాఫీకి అర్థమైందేంటి? కదలకుండా నిలబడితే గొడవ వదిలిపోతుందని. తల దించితే పగ్గాలు జారాయి, నోట్లోకి గడ్డి వచ్చింది. ఇంక దానికి వేరే గురువెందుకు? ఏళ్ల తరబడి ఎంతమంది పిల్లలు ఎక్కి దిగారో, అంతమందీ తెలియకుండానే దానికి పెంకితనంలో తర్ఫీదిచ్చారు.

ఈ సంగతి అరుగు మీద చెబుతుంటే నాన్న వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ అంతా విన్నాడు. ఆయన పొలంలో దిగే రోజులకి ఊళ్లో ట్రాక్టర్లు లేవు, ఎడ్లతోనే దమ్ము చేశాడు. విన్నదంతా పక్కన పెట్టి ఒకటే అడిగాడు.

"దాని మెడ చూశారా?"

గుర్రానికి కాడి ఉండదు నాన్నా అన్నాను.

"కాడి లేకపోతే జీనుంటదిగా. వీపు చూశారా? దమ్ములో ఎద్దు మొరాయిస్తే కుర్రాళ్లు ముల్లుగర్ర తీస్తారు. మా నాన్న ముందు కాడి ఎత్తించేవాడు. కింద చెయ్యి పెడితే వాపో, పుండో తగిలేది. ఎద్దు ఊరికే మొరాయించదమ్మా. ఊరికే మొరాయించేది మనిషే."

తర్వాత ఆయన జట్కా రోజుల్లోకి వెళ్లిపోయాడు. పడవలు కింద నుంచి పోవాలి కాబట్టి కాలవల మీద వంతెనలు ఎత్తుగా కట్టేవారు. జట్కా ఎగువకెక్కేటప్పుడు బరువు వెనక్కి పడి బండి లేచిపోతుందని, సాయిబు "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అని అరిచేవాడట. అమలాపురంలో ఒక గుర్రం మటుకు జనం ఎక్కువైతే వంతెన మొదట్లోనే ఆగిపోయేది. ఇద్దరు దిగేదాకా కొట్టినా కదిలేది కాదు. "దాన్ని అందరూ పెంకిదనేవారు. నాకైతే లెక్కలొచ్చిన గుర్రం అనిపించేది" అన్నాడు.

ఆ రాత్రే రైడింగ్ స్కూల్లో నేర్పే ఆవిడకి మెసేజ్ పెట్టాను. పళ్లు ఎప్పుడు చూపించారు, జీను ఎప్పుడు సరిచూశారు అని. గుర్రం పళ్లు అరిగేకొద్దీ పైకి వస్తూనే ఉంటాయి, అంచులు వాడిగా తేలి బుగ్గల లోపల కోసుకుంటాయి, అప్పుడప్పుడు ఆకురాయితో రాయించాలి. ఆవిడ జవాబు నిజాయితీగానే ఉంది. పళ్లు చూపించారట. జీను మాత్రం టాఫీ చలికాలంలో సన్నగా ఉన్నప్పుడు కొలిచిందే, వసంతంలో గడ్డి తిని ఒళ్లు చేశాక మళ్లీ ఎవరూ చూడలేదు. గేటు దాటనని టాఫీ బైఠాయించడం మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. అదే కారణమని చెప్పడానికి నేనేమీ పశువుల డాక్టర్ని కాదు. కానీ ఇన్నాళ్లూ పిల్లకి "ఇంకా గట్టిగా తన్ను" అని చెప్పినవాళ్లలో ఒక్కరూ జీను ఎత్తి చూడలేదన్నది మాత్రం నిజం. గడ్డి దొంగతనానికి జీనుతో సంబంధం లేదు లెండి. అది నికార్సైన ఆబ.

కాబట్టి నా అభిప్రాయం ఇక్కడికి వచ్చి ఆగింది. గడ్డికి తల దించడం, మందకొడితనం, తోటి గుర్రాల దగ్గరికి లాక్కుపోవడం, ఇలాంటివి ఉన్న గుర్రం మీద పిల్ల నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా. ఏమీ అనని గుర్రం మీద కూర్చుంటే పిల్ల వీపు మీద మోయబడుతుందే తప్ప స్వారీ రాదు. అయితే ముందు కొన్నాళ్లు తాడు పట్టుకుని నడిపించే గుర్రం మీద కూర్చుని, చేతుల మీద ఆధారపడకుండా నడుం నిలబెట్టడం వచ్చాకే. వెనక్కాళ్లు ఎగరేసేది, ముందుకాళ్లెత్తి లేచేది, ఉన్నట్టుండి లంకించుకునేది, కరిచేది, దాన్ని అల్లరి అని ముద్దుగా పిలిచి పిల్లల్ని ఎక్కించడం నాకు ఒళ్లుమంట. అది నొప్పో, భయమో, నేర్పినవాళ్ల లోపమో. తేల్చుకోవాల్సింది పెద్దవాళ్లు, పిల్ల చేతిలో బెత్తం పెట్టి కాదు. హెల్మెట్, చిన్న మడమ ఉన్న బూట్లు, పడినప్పుడు పాదాన్ని వదిలేసే రికాబులు, వీటిలో బేరం లేదు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ని బాగానే ఉంది కదా అని మళ్లీ పెట్టకూడదన్నది మన ఇళ్లలో మింగుడుపడని ఖర్చు.

అమ్మ భయం గురించి ఒక మాట. ఇదే అమ్మ మమ్మల్ని చిన్నప్పుడు డొక్కతో ఉన్న ఎండు కొబ్బరికాయలు రెండు జతకట్టి, చంకల కింద పెట్టి కాలవలోకి వదిలింది. గేదెల మీదెక్కి నీళ్లకి తోలుకెళ్తే ఏమీ అనలేదు. గేదెకి పగ్గం లేదు, కళ్లెం లేదు, లోతుకి పోయి పడుకోవాలనుకుంటే వీపు మీదున్న పిల్ల సంగతి దానికి అనవసరం. మునిగి లేచేవాళ్లం. అమ్మకి బెంగ లేదు, ఎందుకంటే గట్టు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. బట్టలుతికే పిన్ని, చెట్టెక్కే బాబాయి, కనీసం గట్టున పడుకున్న ముసలాయన. అమ్మ భయపడుతున్నది గుర్రానికి కాదు. ఆ కంచె పక్కన మనవాళ్లెవరూ లేరని. అక్కడ మా మీద కన్నేసి ఉంచేది జీతానికి నేర్పే ఒక పాతికేళ్ల అమ్మాయి, నేను సంతకం పెట్టిన ఒక కాగితం. అందుకే పిల్లని దింపేసి సూపర్‌మార్కెట్‌కి వెళ్లొచ్చే అలవాటు మానేశాను. కంచె దగ్గరే నిలబడుతున్నాను, చలేసినా. కూచిపూడి క్లాసుకి ఆలస్యమైనా సరే, టాఫీ క్లాసు అయ్యేదాకా కదలను.

ఇంకోటి, దీన్ని నేను అసలు ఊహించలేదు. మా పిల్ల మెత్తన. బడిలో ప్లీజ్ లేకుండా నోరు విప్పకూడదని నేర్పారు, ఇంట్లో పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని మేం నేర్పాం. రెండూ కలిసి పిల్లకి గొంతే లేకుండా చేశాయి. టాఫీకి ప్లీజ్ అక్కర్లేదు. అరిస్తే చెవులు వెనక్కి అతికించేసి ఇంకా బిగుసుకుంటుంది. దాని దగ్గర పనిచేసేది ఒక్కటే: గడ్డి వైపు కాక ఎటు పోవాలో అటు చూడటం, మడమ ఒకసారి మెల్లగా తాకించడం, వినకపోతే రెండోసారి ఖచ్చితంగా, కదిలిన మరుక్షణం వదిలెయ్యడం. మొన్న భోజనాల దగ్గర అమ్మ నాలుగోసారి అన్నం వడ్డించబోతే పిల్ల మెల్లగా "చాలమ్మమ్మా" అంది. అమ్మ వినలేదు. రెండోసారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, కళ్లలోకి చూసి, "చాలు" అంది. అమ్మ గరిటె వెనక్కి తీసుకుంది. వెంటనే పిల్ల నవ్వి, పప్పు చాలా బావుందని చెప్పింది. నాకైతే టాఫీ గుర్తొచ్చి పొలమారింది.

తాతకీ మనవరాలికీ మధ్య ఇప్పుడు విద్యామార్పిడి నడుస్తోంది. "తాతయ్యా, వెనక నిలబడకూడదు, సరిగ్గా వెనకున్నది గుర్రానికి కనబడదు" అని ఇది. "గేదెకి కనబడుద్ది, కనబడే తన్నుద్ది" అని ఆయన. టాఫీని జీను లేకుండా పక్క నుంచీ, వెనక నుంచీ నడిపించి వీడియో పంపమని, నడక చూడాలని ఆయన ఆర్డరు.

సెప్టెంబరులో జీను కొలతలు చూసే మనిషి వస్తాడని కబురొచ్చింది. ఆయన చూసేదాకా టాఫీకి సెలవు, పెద్దది వేరే గుర్రమెక్కుతుంది. దానికి అది ఇష్టం లేదు, టాఫీయే కావాలంటుంది, ఆగాల్సిందే. చిన్నాడికి ఆరో ఏడు వచ్చింది, వాడూ ఎక్కుతానంటున్నాడు. వాడికి మాత్రం ఆ స్కూల్లో ఉన్న ముసలి తెల్ల గుర్రమే, తాడు పట్టుకుని నడిపించే మనిషితో సహా. టాఫీ సంగతి వాడికి రెండేళ్ల తర్వాత చూస్తాం, అప్పటికి టాఫీ ఒప్పుకుంటే.