బొడ్డు ఊడకముందు, ఊడిన తర్వాత: పసిబిడ్డకు ఇంట్లో స్నానం చేయించడంలో నా అనుభవం

మా పాప పుట్టినప్పుడు నా భార్యకు ఆపరేషన్ జరిగింది. వంగి బరువులు ఎత్తే పనులు కొన్ని వారాల పాటు చేయకూడదని డాక్టరు గారు చెప్పడంతో, బిడ్డకు స్నానం చేయించే బాధ్యత నేను తీసుకున్నాను. ఇంటికి బయలుదేరే ముందే నర్సు గారిని అడిగి ఒక్కొక్క విషయం వివరంగా తెలుసుకున్నాను. ఆ తర్వాతి వారాల్లో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటే: పసిబిడ్డ స్నానంలో శుభ్రత కన్నా ముందు చూసుకోవలసినవి రెండున్నాయి, ఒకటి ఒంటి వెచ్చదనం, రెండవది మన చేతి పట్టు. పుట్టి కొన్ని రోజులే అయిన బిడ్డ ఒంటికి పెద్దగా మురికి అంటదు, కానీ చలీ జారిపడే ప్రమాదమూ మొదటి రోజు నుంచే ఉంటాయి.

పుట్టిన వెంటనే పాపకు స్నానం చేయించకపోవడానికి కారణం కూడా వెచ్చదనమేనని ఆసుపత్రిలో వివరించారు. మొదటి స్నానాన్ని కనీసం 24 గంటలు ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. బరువుతో పోలిస్తే పసిబిడ్డకు చర్మపు విస్తీర్ణం ఎక్కువ కాబట్టి, తడిసిన ఒంటి నుంచి వేడి చాలా వేగంగా పోతుంది. పెద్దవాళ్ళలాగా వణికి వేడి పుట్టించుకునే శక్తి ఆ వయసుకు సరిగా ఉండదు. ఒళ్ళు చల్లబడితే ఆ వేడిని తిరిగి తెచ్చుకోవడానికే శక్తి ఖర్చయి, రక్తంలో చక్కెర తగ్గవచ్చు, పాలు తాగడం మందగించవచ్చు. ఒంటి మీద కనిపించే తెల్లటి జిడ్డు పూత కూడా మురికి కాదు, అది చర్మాన్ని కాపాడుతూ తేమను నిలుపుతుంది. దానిని రుద్ది తీయవలసిన పని లేదని తెలిసినప్పుడు నాకు ఎంతో నిశ్చింత కలిగింది.

బొడ్డు ఊడేదాకా తొట్టిలో స్నానం వద్దని, ఒళ్ళు తుడిస్తే చాలని చెప్పారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల లోపు బొడ్డు ఎండి దానంతట అదే ఊడుతుంది. అంతవరకు అది పొడిగా ఉండాలి, డైపరు అంచును బొడ్డుకు కిందుగా మడవాలి, లాగకూడదు, డాక్టరు చెప్పనిదే ఏదీ పూయకూడదు. చుట్టూ చర్మం ఎర్రబడి ఆ ఎరుపు పాకుతున్నా, చీము వచ్చినా, దుర్వాసన వేసినా, నెత్తురు ఆగకుండా కారుతున్నా వెంటనే చూపించాలి. ఊడే సమయంలో ఒకటి రెండు చుక్కల నెత్తురు కనిపించడం మామూలేనని ముందే చెప్పి ఉంచడం వల్ల, డైపరు మీద చిన్న మరక చూసినప్పుడు నేను కంగారు పడలేదు.

తుడిచే రోజుల్లో గది కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, గదిని 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచేవాడిని. నేల మీద మెత్తటి దుప్పటి పరిచి, దాని మీద తువ్వాలు వేసి పాపను పడుకోబెట్టేవాడిని. బల్ల మీదైతే నడుము నొప్పి రాదన్నది నిజమే, కానీ నేల మీద నుంచి బిడ్డ పడిపోయే వీలే లేదు, నాకు అదే ముఖ్యమనిపించింది. ఒళ్ళంతా ఒకేసారి విప్పకుండా, తుడిచే భాగం మాత్రమే బయటపెట్టి, తుడిచి పొడిగా అద్ది, కప్పి, ఆ తర్వాతే మరో భాగానికి వెళ్ళేవాడిని. మొదట ముఖం, అది కూడా సబ్బు లేని నీటితో. కళ్ళను ముక్కు వైపు కొస నుంచి బయటికి తుడవాలి, ఒక్కో కంటికి వేరే దూది వాడాలి, లేకపోతే ఒక కంటిలో ఉన్న ఇన్ఫెక్షన్ రెండో కంటికి అంటుకోవచ్చు. చెవుల్లో, ముక్కులో దూది పుల్లలు పెట్టకూడదు, బయటికి కనిపించినంతవరకు తుడిస్తే చాలు.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరేది మెడ. పాప గడ్డం ఛాతీకి ఆనుకుని ఉండడం వల్ల పాలు కారి ఆ మడతల్లో చేరేవి, తుడవకపోతే అక్కడ చర్మం ఎర్రగా ఒరుసుకుపోతుంది. చంకలు, చెవుల వెనుక, గజ్జలు, గుప్పిట మూసిన అరచేతులు కూడా అలాంటివే. డైపరు భాగం చివరికి ఉంచాలి. ఆడపిల్లకు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవాలి, మలంలోని సూక్ష్మజీవులు మూత్ర మార్గం వైపు రాకుండా ఉండేందుకు ఇది తప్పనిసరి. మగబిడ్డ అయితే ముందరి చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగకూడదు.

బొడ్డు ఊడి, ఆ చోటు పూర్తిగా ఆరిన తర్వాత తొట్టి స్నానం మొదలుపెట్టాము. ఇక్కడ పనిలో సగం బిడ్డను ఎత్తుకోకముందే పూర్తి కావాలి. రెండు తువ్వాళ్ళు, బట్టలు, డైపరు, దూది, చిన్న మగ్గు అన్నీ చేతికి అందే దూరంలో పెట్టుకుని, ఫోను వేరే గదిలో ఉంచి వచ్చేవాడిని. తొట్టిలో ఉన్న బిడ్డను ఒక్క క్షణం కూడా వదలకూడదు, కొద్ది సెంటీమీటర్ల నీటిలో కూడా పసిబిడ్డ మునిగిపోవచ్చు, పైగా అది ఏ చప్పుడూ లేకుండా జరుగుతుంది. తప్పనిసరిగా కదలవలసి వస్తే బిడ్డను తువ్వాలులో చుట్టి మనతోనే తీసుకుపోవాలి. తొట్టిలో బిడ్డను కూర్చోబెట్టే సీట్లు, రింగులు అమ్ముతారు, అవి ఒరిగిపోవచ్చు, బిడ్డ వాటిలోంచి జారిపోవచ్చు. మనిషి చేతికి బదులుగా వాటిని నమ్మడం ప్రమాదమని నేను గట్టిగా చెబుతాను.

నీళ్ళ విషయంలో క్రమం ముఖ్యం. ముందు చన్నీళ్ళు పోసి, తర్వాత వేడినీళ్ళు కలిపి, చేత్తో అడుగు దాకా బాగా కలియబెట్టాలి, ఎందుకంటే కలపని నీటిలో ఒక చోట గోరువెచ్చగా, మరో చోట చుర్రుమనేలా ఉంటుంది. లోతు 5 సెంటీమీటర్లు, వేడి 37 నుంచి 38 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. థర్మామీటరు ఉన్నప్పటికీ ప్రతిసారీ మోచేయి ముంచి చూసుకునేవాడిని, అరచేతి చర్మం మందంగా ఉంటుంది కనుక దానికి వేడి సరిగా తెలియదు. బిడ్డ తొట్టిలో ఉండగా వేడినీళ్ళు పోయడం, కుళాయి తిప్పడం ఎంతమాత్రం చేయకూడదు. పసిచర్మం పలుచన, మనకు ఓర్చుకోదగ్గ వేడి కూడా దానిని కాల్చగలదు. నీళ్ళు కాచే గీజరును 49 డిగ్రీలకు మించకుండా అమర్చుకోవడం మంచిది.

ఇక పట్టు. ఎడమ ముంజేతి మీద పాప మెడ, తల ఆనేలా పెట్టి, ఆ చేతి వేళ్ళతో అవతలి వైపు భుజాన్ని చంక కింద నుంచి చుట్టి పట్టుకునేవాడిని, కుడిచేత్తో పిరుదులను ఆనించి, ముందుగా పాదాలు, తర్వాత నడుము, నెమ్మదిగా నీటిలోకి దించేవాడిని. దించిన తర్వాత కుడిచేయి పనికి దొరుకుతుంది, ఎడమచేయి మాత్రం స్నానం ముగిసేదాకా అక్కడి నుంచి కదలదు. సబ్బు రాసిన ఒళ్ళు జారుతుంది కాబట్టి, వాసన లేని తేలికైన సబ్బును అవసరమైన చోట మాత్రమే, అదీ చివరలో వాడేవాడిని. మొదటి వారాల్లో నీళ్ళు ఒక్కటే చాలునన్నది డాక్టరు గారి మాట, నా అనుభవమూ అదే చెబుతోంది.

నీళ్ళలో దించగానే పాప చేతులు ఒక్కసారిగా విప్పార్చి ఏడ్చేది. నీళ్ళంటే భయమేమోనని మొదట అనుకున్నాము, కానీ తల కాస్త వెనక్కి వాలినా, ఆధారం తగ్గినట్టు అనిపించినా పసిబిడ్డలు అలా ఉలిక్కిపడడం సహజమని నర్సు గారు చెప్పారు. గోరువెచ్చని నీటిలో ముంచిన పలుచని గుడ్డను ఛాతీ మీద, పొట్ట మీద పరిచి, దాని మీద నీళ్ళు పోస్తూ ఉంటే ఆ ఏడుపు తగ్గింది. నీళ్ళు తక్కువగా ఉండడం వల్ల పైకి తేలి ఉండే పొట్ట చల్లబడకుండా కూడా ఆ గుడ్డ ఉపయోగపడింది.

తలస్నానం చివర చేయించాలి, తల తడిసిన బిడ్డ త్వరగా చల్లబడుతుంది. ఒళ్ళు పొడి తువ్వాలులో చుట్టి, తలను మాత్రం తొట్టి మీదుగా ఉంచి కడిగేవాడిని. మెత్తటి మాడును తాకడానికి చాలామంది జంకుతారు, మృదువుగా కడిగితే దానికి ఏ హానీ జరగదు. మొత్తం స్నానం 5 నుంచి 10 నిమిషాల్లో ముగించేవాడిని. చేతులు, పాదాలు నీలంగా ఉండడం పసిబిడ్డల్లో తరచుగా కనిపిస్తుంది కాబట్టి చలి తగిలిందో లేదో ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకోవాలి. అక్కడ చల్లగా తగిలితే స్నానం ఆపి, తడి అద్ది, టోపీ పెట్టి, బిడ్డను తల్లి లేదా తండ్రి ఛాతీకి చర్మం తగిలేలా హత్తుకుని దుప్పటి కప్పాలి.

తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దాలి, మడతల్లో తడి మిగలకూడదు. పౌడరు వాడవద్దన్నారు, ఆ సన్నని పొడి ఊపిరితో లోపలికి పోయి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. చర్మం పొరలుగా ఊడడం ఆ వయసులో సహజమే, దానికి మందులు అక్కరలేదు. తొట్టిలోని నీళ్ళను మాత్రం వెంటనే పారబోసేవాడిని.

రోజూ స్నానం అవసరం లేదు, వారానికి మూడుసార్లు చాలు. అంతకన్నా ఎక్కువైతే చర్మం పొడిబారవచ్చు. మిగిలిన రోజుల్లో ముఖం, మెడ, డైపరు భాగం తుడిచేవాళ్ళము. కడుపు నిండిన వెంటనే కక్కే అవకాశం ఉన్నందున, ఆకలిగా ఉన్నప్పుడు ఏడుపు ఆగదు కనుక, ఆ రెండింటికీ మధ్య సమయం చూసుకునేవాళ్ళము. 38 డిగ్రీలు లేదా అంతకు మించి జ్వరం ఉంటే స్నానం సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టరుకు చూపించాలి, మూడు నెలల లోపు బిడ్డకు అది ఆలస్యం చేయదగ్గది కాదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, తక్కువ బరువున్న బిడ్డకు స్నానం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది డాక్టరే చెప్పాలి.

నా భార్య కోలుకున్న తర్వాత ఈ పనిని ఇద్దరం పంచుకున్నాము. ఒకరు స్నానం చేయిస్తుంటే రెండోవారు తువ్వాలు పరిచి పట్టుకుని నిలబడతారు, పాపను నీటిలోంచి నేరుగా ఆ తువ్వాలులోకి అందిస్తాము.