తెల్ల గడ్డానికి నల్ల రంగు

“అబద్ధమునకు దూరముగా నుండుము” అంటుంది బైబిల్లోని నిర్గమకాండము 23:7. అక్కడ ఆ మాట వచ్చింది తీర్పుల సందర్భంలో. యూదు రబ్బీలు, అంటే వాళ్ల ధర్మశాస్త్ర పండితులు మాత్రం దాన్ని న్యాయస్థానం గడప దాటించి అంగడికి, పని బేరానికి కూడా తెచ్చారు. ఇంటర్వ్యూలో మన గురించి మనం ఎంతవరకు చెప్పుకోవచ్చు అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర పాత జవాబే ఉంది.

ఆ రబ్బీల చర్చలను కూర్చిన బబులోను తల్మూదు అనే గ్రంథంలో, బావా మెత్సియా అనే భాగంలో ఒక కథ. ముసలి దాసుడొకడు తలకూ గడ్డానికీ రంగు వేసుకుని రవా అనే పండితుడి దగ్గరికి వెళ్లి, నన్ను కొనుక్కోండి అన్నాడు. దాసుల బదులు పేదలే ఇంటి మనుషులుగా ఉండాలన్న పెద్దల మాట చెప్పి రవా వద్దన్నాడు. రవ్ పాపా బర్ షమువేల్ అనే ఇంకో పండితుడు మాత్రం కొన్నాడు. ఒకరోజు ఆయన తాగడానికి నీళ్లు తెమ్మంటే, దాసుడు వెళ్లి రంగంతా కడిగేసుకుని వచ్చి, “చూడండి, నేను మీ నాన్నకన్నా పెద్దవాణ్ణి” అన్నాడు! నీతిమంతుడు ఆపద తప్పించుకుంటాడు, అతని బదులు ఇంకొకడు ఇరుక్కుంటాడు అన్న సామెతల గ్రంథ వచనాన్ని ఆయన తనకే చెప్పుకున్నాడు పాపం. తప్పించుకున్నది రవా.

నాకైతే ఆ దాసుడి మీద కోపం రాదు. ముసలివాణ్ణని ముందే చెబితే ఎవరు తీసుకుంటారు? అయినా ధర్మం అతని వైపు లేదు. అమ్మకానికి పెట్టిన మనిషినిగానీ, పశువునుగానీ, సామానునుగానీ పైపైన ముస్తాబు చేయకూడదని తల్మూదుకు మూలమైన మిష్నా అనే ధర్మసంగ్రహం నియమం. కొత్త సామానుకు మెరుగు పెట్టుకోవచ్చు, పాతదాన్ని కొత్తదిలా చూపించకూడదు అని తల్మూదు వివరిస్తుంది. ఎదుటివాడి మనసులో లేనిపోని అభిప్రాయం పుట్టించడాన్ని రబ్బీలు ‘గెనేవాత్ దాత్’, అంటే మనసును దొంగిలించడం అన్నారు. పైసా నష్టం లేకపోయినా అది దొంగతనమే. అన్యమతస్థుడి విషయంలోనూ అది తప్పేనని షమువేల్ అనే మరో పండితుడు అన్నాడు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ సంగతి ఇక వేరే చెప్పాలా.

న్యూయార్క్‌లో ఉండిన రబ్బీ మోషే ఫైన్‌స్టైన్ (1895–1986) ముందుకు అచ్చం ఆ దాసుడి ప్రశ్నే వచ్చింది. వయసు చూసి ఉద్యోగం ఇవ్వరేమోనన్న భయం ఉన్నవాడు జుట్టుకు రంగు వేసుకోవచ్చా? ఆ పని సరిగా చేయగలిగితే వేసుకోవచ్చు అన్నారాయన. అదే ఆయన, పరీక్షల్లో కాపీ కొట్టడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. రేపు ఆ మార్కులు నమ్మి జీతమిచ్చేవాడి డబ్బు కాజేసినట్టే అన్నారు. ఆయన చూసింది పని చేతనవునా కాదా అన్నది. ఈ కొలత నాకు న్యాయంగానే తోస్తుంది.

మొహమాటంతో తమ గురించి ఏమీ చెప్పుకోలేనివాళ్లూ ఉంటారు. వాళ్లకు ఆ రవాయే ధైర్యం చెప్పాడు: తనను ఎరగని చోట మనిషి తానెవరో చెప్పుకోవచ్చు. దానికి ఆయన చూపింది బైబిల్లోని ఇశ్రాయేలు రాజు అహాబు గృహనిర్వాహకుడు ఓబద్యాను. ఏలీయా ప్రవక్త ఎదురుపడినప్పుడు, చిన్నప్పటినుంచీ తనకు దైవభక్తి ఉందని ఓబద్యా ఏ మొహమాటమూ లేకుండా చెప్పుకున్నాడు. అహాబు రాణి యెజెబెలు ప్రవక్తలను చంపిస్తున్న రోజుల్లో తాను 100 మందిని గుహల్లో దాచి అన్నపానాలు ఇచ్చిన సంగతీ చెప్పాడు.