పాత సోలార్ ప్యానెళ్లు దించేటప్పుడు

ఈరోజు దించిన ప్యానెళ్లు ఎండలో అద్దం పైకి పెట్టి ఉన్నాయి, వైర్లు కోసేసి, రాగి బయటకు కనిపిస్తూ. ఇన్వర్టర్ లేకపోయినా వెలుతురు తగిలినంతసేపూ వాటిలో వోల్టేజీ ఉంటుంది!

ముందు ఏసీ (ఇన్వర్టర్ నుంచి ఇంటికి వెళ్లే కరెంటు), తర్వాత డీసీ (ప్యానెళ్ల నుంచి వచ్చే కరెంటు) ఐసొలేటర్, అంటే కరెంటు తెంచే స్విచ్, ఆపాలి. మందపాటి గుడ్డ కప్పాకే కనెక్టర్లు విప్పాలి. లోడ్ ఉండగా, అంటే కరెంటు పారుతుండగా, లాగితే ఆర్క్ (గాలిలోంచి దూకే మంటలాంటి మెరుపు) వస్తుంది. డీసీ ఆర్క్ అంత తేలిగ్గా ఆరదు.

బరువులో దాదాపు 75 శాతం అద్దమే. అయినా అందరి కన్నూ అల్యూమినియం ఫ్రేమ్ మీదే. అది ఊడబెరికితే అద్దం పగులుతుంది, టంకంలోని సీసం వానకు బయటపడొచ్చు. పగలకుండా, ఫ్రేమ్‌తో సహా రీసైక్లర్‌కి చేర్చడమే నయం.

ప్యానెళ్లతో పాటు బ్యాటరీలూ తీస్తుంటే, లిథియంవైతే టెర్మినళ్లకు టేపు వేయాలి, ఉబ్బినవి విడిగా పెట్టాలి. లెడ్ యాసిడ్‌వి నిలువుగానే ఉంచాలి. బరువు తగ్గుతుందని యాసిడ్ మాత్రం ఒంపకండి.