పెళ్లికార్డు మూల 'యాక్టివేట్ విండోస్'

"ఇదేంటండీ, ఇది కూడా కార్డు మీద పడుద్దా?"

పెళ్లికూతురి తండ్రి స్క్రీన్‌కి కుడివైపు కింద మూల వేలు పెట్టి అడిగాడు. 'బంధుమిత్రుల అభినందనలతో' అన్న లైనుకి పక్కనే, బూడిద రంగు అక్షరాల్లో 'యాక్టివేట్ విండోస్' అని ఉంది. పడదండీ, అది కంప్యూటర్‌ది అన్నాను. ఆయన నమ్మలేదు. ప్రింటు తీసి చేతిలో పెట్టాకే అడ్వాన్సు ఇచ్చాడు.

మాది విజయవాడ సింగ్‌నగర్. ఇంటి ముందు గదిలోనే డీటీపీ షాపు. పెళ్లికార్డులు, గృహప్రవేశాలు, పెద్దకర్మ కార్డులు, బిల్లు పుస్తకాలు మా దగ్గర కంపోజ్ అయ్యి గవర్నర్‌పేట ప్రెస్సుల్లో అచ్చవుతాయి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చింది. మానిటర్, చిన్న ప్రింటర్ మేడ మీదికి మోసుకెళ్లాం. సీపీయూ టేబుల్ కింద చెక్కపీట మీద ఉంది. మళ్లీ కిందికి దిగేసరికి అది కనపడలేదు, నీళ్లే కనపడ్డాయి. గండ్లు పూడ్చి, నీళ్లు లాగి, మేం బురద ఎత్తిపోసుకునేసరికి పది రోజులు దాటింది. ఆ పది రోజుల గురించి రాయాలంటే అది వేరే కథ.

గవర్నర్‌పేటలో మాకు తెలిసిన మెకానిక్ కుర్రాడు సీపీయూ విప్పితే అందులోంచి మట్టి రాలింది. మదర్‌బోర్డు, కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ రెండూ పోయాయి. పాత ఫైళ్లున్న హార్డ్ డిస్కూ పోయింది. ఎస్ఎస్‌డీ అనే రెండో డిస్కు ఒక్కటి మాత్రం ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెడితే పలికింది. సెకండ్‌హ్యాండ్ బోర్డు, ప్రాసెసర్ కలిపి ఆరున్నర వేలన్నాడు. ఎస్ఎస్‌డీలో ఉన్న ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి లాగి, ఫార్మాట్ కొట్టి, విండోస్ 10 మళ్లీ వేసిచ్చాడు. ఇంటికి తెచ్చి తెలుగు కంపోజింగ్‌కి వాడే 'అను' ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఎక్కించుకుని పనిలో పడ్డాను. కొన్నాళ్లకి మూలన ఆ అక్షరాలు తేలాయి. ఈ విండోస్‌కి లైసెన్సు ఉన్నట్టు తేలలేదని వాటి అర్థం.

కుర్రాడికి ఫోన్ చేశాను. "దానిదేముంది బాబాయ్, తీసుకురా, చిన్న ఫైలు ఒకటి రన్ చేస్తే పోతది" అన్నాడు. ఆ చిన్న ఫైలు సంగతి నాకు తెలుసు. ఆఫీసుల్లో వందల కంప్యూటర్లకి కలిపి లైసెన్సు తీసుకుని, 180 రోజుల గడువు దాటకుండా సర్వర్‌తో పొడిగించుకునే పద్ధతి ఒకటుంది. ఆ సర్వర్ లేకపోయినా ఉన్నట్టు విండోస్‌ని నమ్మించేదే ఆ ఫైలు. దాన్ని వేసే ముందు యాంటీవైరస్ ఆపేయమంటారు. షాపు పెట్టిన కొత్తలో అలాగే ఆపేస్తే, దాంతో పాటు లోపలికొచ్చింది ఏదో నా పెన్‌డ్రైవ్‌ల్లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లు చేసి పెట్టింది. ఆ కోపంతోనే 2012లో విండోస్ 7 ప్రొఫెషనల్ రిటైల్ బాక్సు డబ్బులు పోసి కొన్నాను. అప్పట్లో మా వీధిలో అందరూ నవ్వారు. సొంత డబ్బులతో కొన్న సరుక్కి ఇప్పుడు దొంగ తాళం ఎందుకు వెయ్యాలి అనిపించింది.

కానీ కొన్నట్టు రుజువేది? బాక్సు బీరువా కింది సొరుగులో ఉండేది. తీసి చూస్తే డీవీడీ బాగానే ఉంది, లైసెన్సు నంబరు, అంటే కీ, ఉన్న కార్డు మాత్రం ముద్దయిపోయింది. అయిదేసి అక్షరాలు అయిదు గుంపులు, మొత్తం 25. వాటిలో రెండు గుంపులు చదవగలిగాను. మూడోదాంట్లో ఉన్నది బీనో ఎనిమిదో తేలలేదు.

హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది కొడుక్కి ఫోన్ చేశాను. వాడు ముందు అడిగింది కీ గురించి కాదు. "మావయ్యా, కింద గడియారంలో డేట్ ఎంతుంది?"

చూస్తే 2018. యాక్టివేషన్ దగ్గర కనపడే ఎర్రర్ నంబరు చదవమన్నాడు. 0ఎక్స్80072ఎఫ్8ఎఫ్. తేదీ తప్పుంటే వచ్చేదే అది అన్నాడు. సెకండ్‌హ్యాండ్ బోర్డులో రూపాయి బిళ్లలా ఉండే సెల్లు, సీఆర్2032, చచ్చిపోయి ఉంది. పవర్ తీసిన ప్రతిసారీ బోర్డు వెనక్కి వెళ్లిపోతోంది. బ్యాంకు సైటు ఎందుకు తెరుచుకోవడం లేదో కూడా అప్పుడర్థమైంది. నేను నెట్‌ని తిట్టుకుంటున్నాను. కొత్త సెల్లు వేసి తేదీ సరిచేస్తే ఆ నంబరు పోయి ఇంకో నంబరొచ్చింది, 0ఎక్స్‌సీ004ఎఫ్213. ఈ కంప్యూటర్‌లో కీ ఏదీ కనపడలేదని దాని అర్థం.

ఇక్కడ వాడు చెప్పిందే నాకు కొత్త. 2016 జులై 29తో విండోస్ 10కి ఫ్రీ అప్‌గ్రేడ్ గడువు అయిపోతుందంటే, అంతకు ముందు వేసవి సెలవుల్లో మా ఇంటికొచ్చినప్పుడు వాడే నా విండోస్ 7ని 10 ప్రోకి మార్చాడు. అలా మారినవాటికి కొత్త కీ ఇవ్వరట. కంప్యూటర్ లోపలి భాగాలను బట్టి ఒక గుర్తు తయారై మైక్రోసాఫ్ట్ సర్వర్లో ఉంటుంది, దాన్నే డిజిటల్ లైసెన్స్ అంటారు. ర్యామ్ మార్చినా, డిస్కు మార్చినా మామూలుగా పట్టించుకోదు. మదర్‌బోర్డు మారితే మాత్రం మనిషే మారినట్టు లెక్క. ఆ లైసెన్సుని మైక్రోసాఫ్ట్ అకౌంటుకి ముడిపెట్టి ఉంటే కొత్త బోర్డు మీదికి తెచ్చుకోవచ్చు.

"ముడిపెట్టామా మరి?" అన్నాను.

"పోయినసారి ఎస్ఎస్‌డీ వేసినప్పుడు నీ పేరున అకౌంటు చేసి లాగిన్ చేశాను కదా మావయ్యా. నువ్వు ఇదంతా ఎందుకురా అన్నావు."

అన్నాను. నిజమే.

పాస్‌వర్డ్ వాడికీ గుర్తులేదు, నాకైతే అకౌంటే గుర్తులేదు. మర్చిపోయానని నొక్కితే ఓటీపీ నా పాత నంబరుకి వెళుతుందంది. ఆ సిమ్మున్న ఫోను కూడా బురదలోనే పోయింది. ఆ నంబరు నా దగ్గర లేదు అని నొక్కబోతుంటే వాడు గట్టిగా అరిచాడు. సెక్యూరిటీ వివరాలు మొత్తం మార్చేస్తే 30 రోజులు ఆగాలట. కార్తీకం ముహూర్తాలు పెట్టుకుని 30 రోజులంటే ఎలా? మర్నాడు ఆధార్ పట్టుకెళ్లి వేలిముద్ర వేసి డూప్లికేట్ సిమ్ తీసుకున్నాను. సాయంత్రానికి సిగ్నల్ వచ్చింది, ఇంకో రోజుకి ఓటీపీ వచ్చింది, కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. ఈసారి డైరీలో రాసి ఆ డైరీ అటక మీద పెట్టాను.

అకౌంటుతో కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యి సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో యాక్టివేషన్, అక్కడ ట్రబుల్‌షూట్ నొక్కాను. కాసేపు తిరిగి, సరిచేయలేకపోయాను అంది. దాని కిందే చిన్న అక్షరాల్లో ఉంది అసలుది: ఐ చేంజ్డ్ హార్డ్‌వేర్ ఆన్ దిస్ డివైస్ రీసెంట్లీ. అంటే ఈమధ్య లోపలి భాగాలు మార్చాను అని. నొక్కితే నా పేరున ఉన్న కంప్యూటర్ల జాబితా వచ్చింది. అందులో నా పాతది! మునిగిపోయిన పెట్టె పేరు అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. టిక్కు పెట్టి యాక్టివేట్ కొట్టాను.

కుదరదంది.

ఇక నా వల్ల కాదని లేచిపోయాను. రాత్రి మావాడే ఫోటో పంపమని అడిగి చూసి పట్టుకున్నాడు. లైసెన్సున్నది ప్రో రకానికి, మెకానిక్ కుర్రాడు వేసింది హోమ్ రకం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీ లేదు అని నొక్కితే ఏ ఎడిషన్ కావాలని అడుగుతుంది, అతను మొదటిది నొక్కేశాడు. లైసెన్సు ఏ ఎడిషన్‌దో ఆ ఎడిషనే ఉండాలి. మళ్లీ పెన్‌డ్రైవ్, మళ్లీ ఫార్మాట్, మళ్లీ ఫాంట్లు. ఈసారి షాపులో నేను పక్కనే కూర్చుని ప్రో అన్నచోట వేలు పెట్టి చూపించాను. పనిలో పనిగా 11 వేసుకో బాబాయ్ అన్నాడు గానీ ఈ పాత బోర్డుకి 11 అడిగే సెక్యూరిటీ చిప్పు, టీపీఎం 2.0, లేదు. 2025 అక్టోబరు 14తో 10కి సపోర్టు ఆగిపోతుందని అప్పటికే తెలుసు. అప్పటి సంగతి అప్పుడు, ముందు కార్డులు వెళ్లాలి అనుకున్నాను.

ఇంటికొచ్చి అదే దారిలో వెళ్లి, అదే పాత పెట్టె పేరు మీద టిక్కు పెట్టాను. నిమిషం కూడా పట్టలేదు. డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయింది, అది మీ అకౌంటుకి ముడిపడి ఉంది అని చూపించింది.

మా పక్క జిరాక్స్ షాపాయనకి చెబితే ఆయనా తనది పట్టుకొచ్చాడు. అది కంపెనీ కంప్యూటర్, విండోస్ దాంతో పాటే వచ్చింది. ఓఈఎం అంటారు. ఆ లైసెన్సు ఆ బోర్డుతోనే పుట్టింది, బోర్డుతోనే పోయింది. కొత్తది కొనుక్కోవాల్సిందే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, మావాడితోనే ఫోన్‌లో చెప్పించాను.

ఇన్నాళ్లూ యాక్టివేషన్ లేక పర్సనలైజేషన్ సెట్టింగులన్నీ మసకబారి ఉన్నాయి. పాత డెస్క్‌టాప్ మీద దుర్గమ్మ ఫోటో ఉండేది, అది లేక షాపు తెరిచినట్టే లేదని మా ఆవిడ రోజూ అంటోంది. అందుకే అన్నిటికంటే ముందు ఆ ఫోటో పెట్టి, స్క్రీన్ చూపిస్తూ మావాడికి వీడియో కాల్ చేశాను.

"దానికి ఇన్ని రోజులు ఆగావా మావయ్యా?" అని నవ్వాడు. "ఫోటో మీద రైట్ క్లిక్ కొట్టి బ్యాక్‌గ్రౌండ్ పెట్టమంటే యాక్టివేషన్ లేకపోయినా వచ్చేది."